ఓడలరేవు పడవలో నా కారు స్టీరింగ్

ఏలూరు స్టేషన్‌లో పొద్దున్న ఏడింటి రైలెక్కేటప్పటికి నా సంచిలో రెండు చీరలు, ఒక పెద్ద పానా, కొలతల టేపు ఉన్నాయి. ఫోన్ నిండా ఒక కారు ఫోటోలు ఉన్నాయి. స్టీరింగ్ చక్రం వెతుక్కుంటూ కోనసీమ వెళ్తున్నానని చెబితే మా ఆయన తల పట్టుకున్నారు. "ఇన్నాళ్లకి అక్కడ ఎవరుంటారు?" అన్నారు. ఎవరూ లేకపోతే ఆ సంగతే తెలుసుకుని వస్తానన్నాను.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. నేను ఏలూరులో డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. రెండేళ్ల కిందట తణుకు దగ్గర ఒక ఫంక్షన్ హాలు పడగొడుతుంటే, పెళ్లి ఫోటోల కోసం దాని గేటు పక్కన నిలబెట్టిన పాత అమెరికా కారును కొన్నాను. నాకంటే వయసులో పెద్దది. ఏ కంపెనీదో రాయను. రాస్తే అమ్ముతారా అని ఫోన్లు మొదలవుతాయి, నేను అమ్మను. ముందు సీట్లో ముగ్గురు, వెనక ముగ్గురు ఇరుకు లేకుండా కూర్చునే బండి అంటే చాలు. ఇంజను విప్పి కట్టించాను, బ్రేకులు చేయించాను, వైర్లన్నీ కొత్తవి వేయించాను. స్టీరింగ్ ఒక్కటే మిగిలింది. ఎవరో దానికి ట్రాక్టరు చక్రం బిగించారు. పట్టుచీర కట్టుకుని రబ్బరు చెప్పులేసుకున్నట్టుండేది. అమెరికా నుంచి తెప్పించుకోవచ్చన్నారు గానీ ఖరీదు విని ఊరుకున్నాను.

తలుపు మీద ఆకుపచ్చ రంగు గీకిస్తుంటే అడుగున నల్లరంగు, దాని మీద పసుపు అక్షరాలు బయటపడ్డాయి. "టాక్సీ - కొత్తపేట". సీట్లు విప్పితే లోపలంతా కొబ్బరి పీచు, అంటే కోనసీమ కొత్తపేటే. ఇంక ఇంట్లో కూర్చోలేకపోయాను.

రైల్లో పక్కన కూర్చున్నావిడ రాజమండ్రిలో కూతురి దగ్గరికి వెళ్తోంది. విషయం విని, "కారు కోసం రైల్లో వెళ్తున్నారా?" అని పకపకా నవ్వింది. గోదావరి బ్రిడ్జి మీద మాత్రం నవ్వు ఆపి, కిటికీలోంచి నీళ్లకి దండం పెట్టి, "మీ చక్రం దొరకాలని కూడా మొక్కేనండి" అంది.

రాజమండ్రి స్టేషన్ నుంచి బస్ కాంప్లెక్సుకి ఆటో. అమలాపురం బస్సు సిద్ధంగా ఉంది. ఆడవాళ్లకి ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. నాలాగా వెళ్లాలనుకునే ఆడవాళ్లు కార్డు మర్చిపోవద్దు. రావులపాలెంలో అరటి గెలల లారీల మధ్య కాసేపు ఇరుక్కుని, పదకొండు దాటాక కొత్తపేటలో దిగాను. బస్టాండు ఎదుటి హోటల్లో ఉప్మా పెసరట్టు తిన్నాక పని మొదలుపెట్టాను.

పంచర్ల షాపాయన ఫోటో చూసి, "ఇంత బండి ఈ ఊళ్లో ఎవరికుంటదండి, సూర్రాజు గారి నాన్నగారిదే అయి ఉండాలి" అన్నాడు. సూర్రాజు గారిది కొబ్బరికాయల కొట్టు. డెబ్బై దాటిన మనిషి. కాయల రాశి పక్కన కుర్చీలో కూర్చుని, ఫోన్ దూరంగా పట్టుకుని చూశారు.

"ఆయ్, మా బండేనండి! వెనక బంపరుకి ఎడమ పక్క సొట్ట ఉండాలే. పంటు ఎక్కిస్తుంటే తగిలింది."

"ఉండేదండి. నేనే తీయించేశాను."

"అయ్యో, తీయించేసేరా?" అన్నారాయన, ఇంట్లో వస్తువు పోయినట్టు.

ఆ మాటకి నాకు నిజంగానే బాధేసింది. ఆ సొట్ట పోగొట్టడానికి మా పనివాళ్ల చేత వారం పాటు పని చేయించాను.

వంతెనలు లేని రోజుల్లో సూర్రాజు గారి నాన్నగారు ఆ కారును కాకినాడలో ఎవరి దగ్గరో కొని టాక్సీగా తిప్పారట. రేవు దగ్గర కారుని పంటు అనే బల్లకట్టు మీదికెక్కించి గోదావరి దాటించేవారు. "కాన్పులకీ, పెళ్లిళ్లకీ, కోర్టు వాయిదాలకీ అదేనండి. వీరన్నని డ్రైవరుండేవోడు. ఆడు తప్ప ఇంకోళ్లు తోలలేదండి దాన్ని" అన్నారు. తర్వాత వంతెనలు పడ్డాయి, బస్సులు పెరిగాయి. బండి షెడ్డులో పడింది. అమ్మేసే రోజున వీరన్న వచ్చి స్టీరింగ్ ఒక్కటీ ఇప్పించమన్నాడట.

"ఇంకేం అడగలేదండి. నాన్నగారు సరేనన్నారు. స్టీరింగ్ లేని బండిని తాళ్లతో లారీ ఎక్కించి పంపేరు."

"వీరన్న గారు ఎక్కడున్నారు?"

"పోయేడండి. అత్తారూరు ఓడలరేవు. అక్కడ పడవ కొనుక్కున్నాడు. కూతురుందండి, మంగని."

ఆయన కొట్టిచ్చిన బొండాం తాగి, అమలాపురం బస్సెక్కాను. రాత్రికి బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. గది చిన్నదే గానీ దుప్పటి ఉతికినది వేశారు.

మర్నాడు పొద్దున్నే ఓడలరేవు బస్సు. అల్లవరం దాటాక రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల చెరువులు, వాటిలో నీళ్లు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు. దూరంగా గ్యాస్ గొట్టం మీద మంట పగటిపూట కూడా కనిపిస్తోంది. బస్సు దిగి రేవుకి నడిచాను. అక్కడ వైనతేయ సముద్రంలో కలుస్తుంది. అవతలి ఒడ్డుకి జనాన్నీ మోటారు సైకిళ్లనీ దాటించే పడవ ఒకటి అప్పుడే వచ్చి ఆగింది.

చక్రాన్ని ముందు చూశాను, మనిషిని తర్వాత చూశాను. ఏనుగు దంతం రంగు, మూడు చోట్ల పగుళ్లు, లోపల సగం వలయంలా ఉన్న, మెరుగు పోయిన హారన్ కమ్మీ. రెండేళ్లుగా అలాంటి కార్ల ఫోటోల్లో చూసిన చక్రం పడవ వెనక ఇనప షాఫ్టు మీద ఉంది. దాన్ని పట్టుకుని యాభయ్యేళ్ల ఆడమనిషి నిలబడింది. చీర మీద మగవాళ్ల చొక్కా, తలకి తువ్వాలు. మంగే.

జనం దిగాక పడవెక్కి విషయమంతా చెప్పాను. ఆవిడ విని, "అమ్మనండి" అంది.

"దీనికి బదులు మంచి స్టీలు చక్రం చేయించి ఇస్తాను."

"మీకు బండంతా ఉంది కదండీ. నాకున్నది ఇదొక్కటే."

అయినా దిగలేదు. పడవ అవతలికెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది. నేను పలక మీద కూర్చునే ఉన్నాను. చేపల బుట్టలతో ఎక్కిన ఆడవాళ్లు, "ఈవిడెవరే మంగా, దిగదేం?" అని అడిగారు. "ఏమోనే, స్టీరింగ్ కోసం వచ్చేరంట" అంది మంగ. పడవంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ కదల్లేదు. మా స్కూల్లో క్లచ్ అంటే హడలిపోయేవాళ్లకి నేర్పడం నా పని. ఓపిక నాకు కొత్త కాదు.

మధ్యాహ్నం పడవ కట్టేసి, మంగ క్యారేజీ విప్పింది. నన్ను కూడా తినమంది. అన్నం, ఎండు మెత్తళ్ల చేపల కూర. భర్త కువైట్లో ఉన్నాడని, పడవ తానే చూసుకుంటోందని చెప్పింది. తింటూ నేను ఫోన్లో వీడియో పెట్టాను. మా షెడ్డులో కారు స్టార్టయి, గురగురమంటూ నిలకడ మీద ఆడుతున్న వీడియో. ఆవిడ చెయ్యి ముద్ద దగ్గర ఆగిపోయింది.

"మళ్లీ పెట్టండి."

మూడుసార్లు పెట్టించుకుంది.

"సందు మొదట్లో ఈ చప్పుడు వినబడితే మా అమ్మ పొయ్యి మీద నీళ్లు పెట్టేదండి, నాన్న స్నానానికి" అంది. "నేనెప్పుడూ ఎక్కలేదండి దాంట్లో. పరాయి బండి, మనం ముట్టుకోకూడదనేవోడు. డోరు మీద చెయ్యేస్తే కోప్పడేవోడు."

అప్పుడు తట్టింది నాకు, నేను అడగాల్సింది ఏమిటో.

"ఇప్పుడది పరాయి బండి కాదు. మీరు రండి, ఎక్కండి. చక్రం కూడా తెచ్చుకోండి. అచ్చు తీయించుకుని అలాంటిదే ఒకటి చేయించుకుంటాను. ఇది మళ్లీ మీతోనే వచ్చేస్తుంది."

"తీసుకుని ఇవ్వకపోతే?"

"దారంతా మీ ఒళ్లోనే ఉంచుకోండి. నేను ముట్టుకోను."

మంగ క్యారేజీ కడిగింది, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మరిదితో మాట్లాడి వచ్చింది. "రెండు మూడు రోజులు జనాన్ని తన పడవలో దాటిస్తాడంటండి. మీ సంచిలో పానా ఉందన్నారుగా, తియ్యండి" అంది.

ఉప్పుగాలికి చక్రం మధ్యలో నట్టు షాఫ్టుతో కలిసిపోయింది. డీజిల్ పోశాం, ఆగాం, సుత్తితో కొట్టాం. పానా పట్టుకుని ఇద్దరం ఒకేసారి వేలాడాం. నా అరిచెయ్యి చర్మం లేచిపోయింది.

"వదిలేద్దామాండి?" అంది మంగ.

"నేను వదలను."

"అయితే నేనూ వదలనండి."

పొద్దు వాలుతుండగా నట్టు కిర్రుమంది. చక్రం ఊడి ఆవిడ గుండెల మీదికి వచ్చింది. కారు షాఫ్టుకి ఉండేలాంటి గాళ్లే పడవ షాఫ్టుకి లేత్ మీద చేయించి వీరన్న దాన్ని పడవకి అమర్చుకున్నాడు. అందుకే చక్రానికి ఎక్కడా వెల్డింగు మచ్చ లేదు.

ఆ రాత్రి మంగ ఇంట్లోనే పడుకుని, పొద్దున్న ఇద్దరం బస్సెక్కాం. చక్రం ఆవిడ ఒళ్లో ఉంది. కండక్టరు ఆధార్ కార్డులు చూసి, చక్రం చూసి, "మా బస్సుకి ఉందమ్మా స్టీరింగు" అన్నాడు. కొత్తపేట స్టాండులో సూర్రాజు గారు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. ముందురోజు నేనే ఫోన్ చేశాను. కిటికీలోంచి చెయ్యి పెట్టి చక్రం అంచు తడిమి చూసి, "అదేనండి, అదే" అన్నారు. బస్సు కదిలేదాకా చెయ్యి తియ్యలేదు.

చీకటి పడకముందే ఏలూరు చేరాం. ఇంటికి కూడా వెళ్లకుండా షెడ్డుకే వెళ్లాం. మంగ కారు చుట్టూ ఒకసారి తిరిగింది. డోరు దగ్గర ఆగి నా వైపు చూసింది. తియ్యమన్నాను. ట్రాక్టరు చక్రం విప్పేసి, పాత చక్రం పెట్టాం. చక్రం గాళ్లలో తడుముకోకుండా కూర్చుంది. నట్టు ఆవిడే బిగించింది. బిగించి, ముందు సీటు వదిలి వెళ్లి వెనక సీట్లో కూర్చుంది.

కాలవ గట్టు రోడ్డు మీద నెమ్మదిగా పోనిచ్చాను. ఆ చక్రం చేతిలో ఉంటే బండి నేను రెండేళ్లు బాగుచేయించిన బండిలా లేదు, అంతకు ముందు నుంచీ నడుస్తున్న బండిలా ఉంది. అద్దంలో చూస్తే మంగ ఓ మూలకి ఒదిగి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుంది.

"ఇలా మధ్యలోకి జరిగి కూర్చోండి, మనదే కదా" అన్నాను.

కాసేపటికి జరిగింది. తర్వాత కిటికీ అద్దం దించింది. ఇంకాసేపటికి చెయ్యి బయట పెట్టింది.

వినాయకుడి బొమ్మలకి అచ్చులు తీసే ఆయన రెండు రోజుల్లో మా చక్రానికి అచ్చు తీశాడు. చక్రం ఆయనకి ఇవ్వకముందే, మర్నాడు పొద్దున్న మా ట్రైనింగ్ గ్రౌండులో మంగ తనంతట తనే డ్రైవరు సీట్లో కూర్చుంది. పడవలో లాగే మలుపుకి చాలా ముందే చక్రం తిప్పేసేది. రెండు రౌండ్లకి సర్దుకుంది. మూడో రౌండులో నేను బ్రేకు అని చెప్పడం కూడా మర్చిపోయి బయటికి చూస్తూ కూర్చున్నాను.

చక్రంతో మంగని రైలెక్కించి వచ్చాను. నా కారుకి ఇప్పుడు కొత్తగా పోసిన చక్రం ఉంది. చూడ్డానికి తేడా తెలియదు, నాకు తెలుసు. బంపరు సొట్ట మళ్లీ కొట్టిద్దామా అని అడిగితే మా పనివాళ్లు నన్ను వింతగా చూశారు. అది ఇంకా తేల్చుకోలేదు.

మీరెవరైనా ఆ వైపు వెళ్తే, అమలాపురం నుంచి అల్లవరం మీదుగా ఓడలరేవు బస్సెక్కండి. రేవులో పడవ దాటేటప్పుడు చక్రం పట్టుకున్న మనిషిని కారు తోలడం వచ్చా అని అడగండి. వచ్చంటుంది. కావాలంటే మొన్న అమలాపురంలో పరీక్ష పాసై తెచ్చుకున్న లైసెన్సు కూడా చూపిస్తుంది.