తగ్గిందండి

డాక్టర్ల దగ్గర మా అమ్మది ఒక్కటే మాట: "తగ్గిందండి, మీ హస్తవాసి మంచిదండి." తగ్గినా అంతే, తగ్గకపోయినా అంతే. అంత చదువుకుని మందిచ్చిన మనిషికి తగ్గలేదని ముఖం మీదే చెబితే ఆయన్ని చిన్నబుచ్చినట్టని ఆవిడ లెక్క. మా వైపు మర్యాద మనుషుల్ని చంపేస్తుందని నేను ఊరికే అనను.

బీపీకి మా ఊరి డాక్టరు గారి మందు వాడుతుండగానే అమ్మని భీమవరంలో పెద్ద డాక్టరుకి చూపించాను. "ఇప్పుడు మందులేమైనా వాడుతున్నారా అమ్మా?" అని ఆయన అడిగితే, "లేదండి" అంది. నేను నోరు తెరవబోయాను. బల్ల కింద నా చెయ్యి గిల్లింది. ఒక డాక్టరు గారి దగ్గర ఇంకో డాక్టరు గారి ఊసెత్తితే ఇద్దరికీ అవమానమట! పోనీలే అని ఊరుకున్నాను. అప్పటినుంచి రెండు చీటీల మందులూ కొనితెస్తున్నది నేనే.

కొన్నాళ్ళకి అమ్మకి లేచి నిలబడితే కళ్ళు తిరగడం మొదలైంది. ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తూ పడిపోయింది. మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది గాని, అదే తుంటి విరిగి ఉంటే? ఆ వయసులో మంచాన పడితే మళ్ళీ లేచేదెవరు? ఆ భయంలో అమ్మని తిట్టాను. "ఈసారి డాక్టరు గారితో నేనే మాట్లాడతాను, నువ్వు నోరు మూసుక్కూర్చో" అన్నాను. తరువాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.



భీమవరంలో మా వంతు వచ్చింది. "ఎలా ఉందమ్మా?" అన్నారు డాక్టరు గారు. నేను గొంతు సవరించుకునేలోగా అమ్మ చేతిసంచి తెరిచి, రెండు మాత్రల షీట్లు బల్ల మీద పెట్టింది.

"తగ్గలేదండి. పొద్దున్నే ఈ రెండూ వేసుకున్న గంటకి కళ్ళు తిరుగుతున్నాయండి. మొన్న పడిపోయాను కూడా. ఇదేమో మా ఊరి డాక్టరు గారిచ్చింది. మీకు చెప్పకుండా దాచాను, తప్పు నాదేనండి. నాకు ఇంగ్లీషు రాదు. కానీ పైన పెద్దక్షరాలు వేరుగా ఉన్నా, కింద చిన్నక్షరాలు రెండిటి మీదా ఒక్కలాగే ఉన్నాయండి. ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చూసుకున్నాను. ఒకటే మందేమో చూడండి బాబూ."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. మళ్ళీ చూశారు. "ఒకటేనమ్మా. కంపెనీలు వేరు, మందు ఒకటే. రెండింతలు వేసుకుంటున్నారు" అన్నారు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసి, ఒక షీటు పక్కకి తీసేశారు.

ఓరి దేవుడో! నేను డిగ్రీ చదివాను. ఆ షీట్లు నా చేత్తోనే తెచ్చాను. ఒక్కసారైనా తిప్పి చూశానా? ఐదో తరగతితో బడి మానేసిన మనిషి, రాని భాషని వేలితో తడుముకుని తన ప్రాణం తనే కాపాడుకుంది. ఇన్నేళ్ళూ ఈవిడకి నేను దిక్కనుకున్నాను చూడండి!

ఆటో ఎక్కాక, "ఇంటికేగా?" అన్నాను.

"కాదు, ముందు మన డాక్టరు గారి దగ్గరికి పోనిమ్మను. పాపం, ఆయనకీ చెప్పాలి కదా. నువ్వు బయట కూర్చో, నేను చెప్పుకుంటాను" అంది.

నేను బయటే కూర్చున్నాను.