బిందె మీది పేరు

మా వీధి చివరి సర్కిల్లో ఏ పార్టీ వాళ్ళు షామియానా వేసినా దాని తాడు ఒకటి మా కిటికీ ఊచకే కడతారు. అడిగి కట్టినవాళ్ళు ఇంతవరకు లేరు. ఆదోనిలో ఈ ఇంట్లో కాపురం పెట్టినప్పటి నుంచి జిల్లా కావాలని, పత్తికి ధర కావాలని, జీతాలు పెంచాలని అక్కడ కూర్చున్నవాళ్ళందరినీ నా కుట్టుమిషన్ ముందు నుంచే చూశాను. సాయంత్రమైతే మైకు పట్టుకున్నవాళ్ళు కారెక్కి పోతారు. పట్టా మీద కూర్చున్నవాళ్ళు నడిచి పోతారు. పోలీసులకు దొరికేది నడిచేవాళ్ళే. ఇదంతా తెలిసి కూడా ఆ రోజు నేను వెళ్ళి రోడ్డు మీద కూర్చున్నాను.

నీళ్ళ కోసం. కొళాయి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియని వీధి మాది. ప్రతి సోమవారం అర్జీ పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళేదాన్ని. అక్కడి గుమాస్తా తల ఎత్తకుండానే, "వచ్చిందప్పా అర్జీలక్క. మిషన్ కుట్టేది మానేసి ఇదే పనిగా పెట్టుకునింది" అని పక్కాయనతో అనేవాడు. అతని చొక్కాకు రెండో గుండీ ఎప్పుడూ ఉండేది కాదు. కుట్టిపెడతానని ఒక్కసారి కూడా అనలేదు, అనను.

శ్రావణమాసం అది, సోమవారం. ఉరుకుంద ఈరన్న స్వామికి పోయే బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. మా వీధి ఆడవాళ్ళం కొళాయి దగ్గర పెట్టినట్టే బిందెలను రోడ్డుకు అడ్డంగా వరుసగా పెట్టి, వాటి వెనక కూర్చున్నాం. బస్సు కిటికీలోంచి ఒకామె, "దేవుని దగ్గరికి పోయేటోల్లను ఆపితే నీల్లొస్తాయా మీకు? కన్నీల్లు కూడా రావు" అని తిట్టింది. ఆమె ముఖం ఇప్పుడు కనిపించినా గుర్తుపడతాను.

నా బిందె సంగతి చెప్పాలి. అది నా పెళ్ళికి మా అక్క ఇచ్చిన స్టీలు బిందె. ఎమ్మిగనూరులో ఉంటుంది ఆమె. ఇచ్చిన సామాను మీద ఇచ్చినవాళ్ళ పేరు కొట్టించడం అందరూ చేసేదే. కానీ అడుగునో అంచు కిందో చిన్నగా కొట్టిస్తారు. మా అక్క ఇంటిపేరు, పేరు, ఊరు, మూడూ మెడ చుట్టూ పెద్ద అక్షరాలతో కొట్టించింది. కొళాయి దగ్గర ఎవరు చూసినా ముందు ఆమె పేరే చదువుతారు. ఇన్నేళ్ళుగా నేను మోసింది నీళ్ళు కాదు, ఆమె పేరు. పైగా తన కూతురి పెళ్ళిలో నన్ను మూడో పంక్తిలో కూర్చోబెట్టింది. మూడో పంక్తికి ఓళిగలు అయిపోయాయి, పప్పులో నీళ్ళు పోశారు. ఆ రోజు నుంచి ఆమె గడప తొక్కలేదు. బిందె మాత్రం వాడుకున్నాను. బిందె ఏం చేసింది పాపం.

మేం కూర్చున్న కాసేపటికి మా వార్డులో ఎన్నికలకు నిలబడాలని తిరుగుతున్న ఒకాయన మైకు పట్టుకుని వచ్చాడు. "అక్కల్లారా! మీ తమ్ముడు నేనుండాను. లాఠీ పడితే ముందు నా వీపు మీద పడాల!" అని అరిచాడు. ఫోటోలు తీయించుకున్నాడు. పోలీసు జీపు మలుపు తిరగ్గానే మైకు ఎవరి చేతిలోనో పెట్టి సందులోకి నడిచాడు.

"యాడికి పోతాండావు తమ్ముడూ? వీపు తెచ్చేదానికా?" అని నా పక్కన కూర్చున్నామె కేకేసింది. అందరం నవ్వాం.

ఆ నవ్వు మధ్యలోనే ఎక్కడి నుంచో రాయి వచ్చి బస్సు అద్దానికి తగిలింది. అద్దం పొడిపొడిగా రాలింది. లోపల పిల్లలు ఏడుపు అందుకున్నారు. లాఠీలు లేచాయి. ఎవరు ఎటు పరిగెత్తామో తెలియదు. ఇంట్లోకి వచ్చి తలుపు గడియ పెట్టాక చూసుకుంటే చెప్పులు లేవు, బిందె లేదు. కిటికీలోంచి చూస్తే మా బిందెలన్నీ వ్యానులోకి విసురుతున్నారు. ఒక్కో బిందె పడ్డప్పుడల్లా ఆ చప్పుడుకు వీధిలో ఒక్కో తలుపు మూసుకుంది.

కొన్నాళ్ళు కేసు ఊసే లేదు. ఎన్నికలు వచ్చాయి. మైకు పట్టుకున్న తమ్ముడు కరపత్రం మీద మా బిందెల ఫోటో వేసుకుని గెలిచి కౌన్సిలరయ్యాడు. ఆ ఫోటోలో నా బిందె ఉంది, నేను లేను. అంచులో కత్తిరించారు.

ఆ తర్వాత ఒకరోజు ఎమ్మిగనూరు నుంచి అక్క ఫోన్ చేసింది. బాగుండావా అని కూడా అడగలేదు.

"ఏమ్మే, నా బిందె యాడుంది?"

"ఇచ్చినాక అది నా బిందె కదా."

"నీ బిందయితే పోలీసోల్లు నా ఇంటికెందుకొచ్చినారు? రోడ్డు మీద కూచున్నానంట, బస్సు అద్దం పగలగొట్టినానంట. నేను ఆదోని మొగం చూసి ఎన్నేండ్లాయె!"

అప్పుడు అర్థమైంది. మనుషులు దొరకలేదు కాబట్టి బిందెల మీది పేర్లు చూసి కేసు రాశారు. మా వీధిలో ఒకామె బిందె మీద చనిపోయిన మేనమామ పేరు ఉంది, ఆయన మీద కూడా రాశారట. నిజం చెబుతున్నాను, ముందు నాకు నవ్వొచ్చింది. అంత పెద్దగా కొట్టించుకున్న పేరు ఎన్నాళ్ళకో పనికొచ్చింది అనుకున్నాను. అక్క తర్వాతి మాటతో ఆ నవ్వు పోయింది.

"బడిలో వంట తీసేస్తారంట నన్ను."

అక్క సర్కారు బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. బావ పోయాక ఆ వంటే ఆమెకు ఆధారం. గెలిచినవాళ్ళు మారగానే వంటమనుషులను మార్చాలని చూసేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. వాళ్ళకు సాకు కావాలి. ఆ సాకు నా బిందె ఇచ్చింది.

మరుసటి రోజు బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను. అక్క బడి వెనక షెడ్డులో సాంబారు గుండిగ దించుతోంది. మోచేతుల దాకా కాలిన మచ్చలు. నన్ను చూసి కూడా చేతిలో గంటె వదల్లేదు.

"హెడ్మాస్టరు సారు మంచోడే. 'పేరు తీయించుకోని రామ్మా, లేకపోతే నా చేతిలో ఏం లేదు' అన్నాడు. ఈ గంటె లాక్కునేదానికి బయట కాచుకోనుండారు." గుండిగ మీద మూత పెట్టి, "తిన్నావా?" అంది.

"ఏ పంక్తిలో పెడతావు?" అన్నాను.

"ఇంగా అదే పట్టుకోనుండావా? సచ్చేదాకా పట్టుకో!" అంది. కానీ కంచం పెట్టింది. పప్పు చిక్కగానే ఉంది.

ఆదోనిలో బస్సు దిగి నేరుగా కౌన్సిలరు ఇంటికి పోయాను. వరండాలో ఖాళీ కుర్చీలు ఉన్నాయి. కూర్చోమనలేదు.

"దీనికెందుకక్కా ఇంత బాధ? మిమ్మల్ని రోడ్డెక్కిచ్చింది పాత కౌన్సిలరు, రాయి ఏయిచ్చింది ఆయన మనుషులే అని కాయితం మీద సంతకం పెట్టు. మీ అక్క పేరు పోతాది, నీ పేరు రాదు."

"మైకు పట్టుకునింది నువ్వు కదప్పా."

"అది వేరే." గొంతు మారలేదు. "అయినా మీరు రోడ్డు మీదికి పోకుండా నా దగ్గరికి రావాల్సిందక్కా. రేపు పొద్దున స్టేషన్లో కాయితం రెడీగా ఉంటాది."

పాత కౌన్సిలరంటే నాకు ప్రేమేమీ లేదు. తన గేటు ముందు నన్ను ఎండలో నిలబెట్టి, కుక్కకు మాత్రం నీడలో నీళ్ళు పెట్టించిన మనిషి. ఆయనకు ఏదైనా జరిగితే నేను ఏడవను. కానీ ఆయనే నన్ను రోడ్డెక్కించాడని రాసిస్తే, అన్ని సోమవారాలు నేను తిరిగిందంతా ఏమైనట్టు? నీళ్ళు లేనిది నాకు. కోపం నాది. దాన్ని కూడా ఎవరో చెబితే తెచ్చుకున్నానని నా చేతే రాయించుకుంటారా?

అక్కకు ఫోన్ చేసి చెప్పాను. "పెట్టు సంతకం! నీకేం పోతాది?" అంది. ఏం పోతుందో ఆమెకు చెప్పడం నాకు చేతకాలేదు. నా కోపం నిలబెట్టుకోవడానికి ఆమె చేతిలో గంటె పోవాలా? మిషన్ ముందు కూర్చునే తెల్లవార్చాను.

అక్క మొదటి బస్సుకే వచ్చింది. స్టేషన్లో హెడ్ కానిస్టేబులు కాగితం ముందుకు జరిపాడు. "కౌన్సిలరు చెప్పినాడు. ఈడ పెట్టమ్మా."

నేను పెన్ను తీసుకోలేదు. "బిందె తెప్పించండి సార్," అన్నాను.

"బిందెతో నీకేం పని?"

"అది నాది. పేరు మా అక్కది, బిందె నాది. ఆ రోజు కూర్చున్నది నేను."

అక్క నా మోచేయి గట్టిగా పట్టుకుంది. "వద్దే," అంది గొణిగినట్టు. ఆయన విసుక్కుంటూనే వెనక గదిలోంచి బిందె తెప్పించాడు. దుమ్ము పట్టి, మెడకు చీటీ కట్టి ఉంది. చూడకుండానే చెప్పాను, అడుగున ఎడమ పక్క మాటు వేయించానని. తిప్పి చూశాడు. మాటు ఉంది.

"నీ పేరు రాసుకుంటే అద్దం పగిలిన కేసు కూడా నీ మీదికే వస్తాది. తెలుసా? కోర్టు సుట్టూ తిరగల్ల."

"తిరుగుతాను. కూర్చున్నది నేను, నన్ను కూర్చోబెట్టింది ఎవరూ కాదు. రాయి వేసింది నేను కాదు. మూడూ రాసుకోండి."

ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. కొట్టేలా ఉన్నాడు. అప్పుడు అక్క నోరు తెరిచింది.

"రాయి ఇది ఏసింటాదా సారూ? చిన్నప్పుడు చెట్టు కింద నిలబడి చింతకాయ కూడా కొట్టలేకపోయె. దీనికి వచ్చేది నోరొక్కటే."

పక్కనున్న కానిస్టేబులు ఫక్కుమన్నాడు. హెడ్ పెదవి బిగించుకుని కొత్త కాగితం తీశాడు. అక్క నన్ను కాపాడుతూ కూడా ఒక మాట అంది. అదీ గుర్తుంది.

అక్క పేరు తీసేసినట్టు కాగితం చేతికి వచ్చేదాకా ఆ బెంచీ మీద నుంచి నేను లేవలేదు. పొమ్మన్నారు, అరిచారు, ఫ్యాను ఆపేశారు. అక్క నా పక్కనే కూర్చుని కొంగుతో విసురుకుంది, మధ్యమధ్యలో నాకూ విసిరింది. మధ్యాహ్నం దాటాక కాగితం ఇచ్చారు. దాన్ని బడిలో చూపించాక గంటె ఆమె చేతిలోనే ఉండిపోయింది.

నా కేసు నడుస్తూనే ఉంది. వాయిదాలకు పోతున్నాను. బిందె కోర్టులో సాక్ష్యంగా ఉంది. కొత్త పైపులైను మా పక్క వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకు ఆగిందని అడిగితే కౌన్సిలరు చిరునవ్వు నవ్వుతాడు. ఆయన ఎదురుగానే ఇంకో అర్జీ రాశాను.

మొన్న వాయిదాకు అక్క కూడా వచ్చింది. కోర్టు నుంచి నన్ను బజారుకు లాక్కుపోయి స్టీలు సామాన్ల అంగడిలో కొత్త బిందె తీసింది. అంగడాయన మిషన్ చేతిలో పట్టుకుని, "ఎవురి పేరు కొట్టాలమ్మా, ఇచ్చేటోల్లదేనా?" అని అడిగాడు.

"నాది వద్దప్పా సామీ! దాని పేరే కొట్టు. అంచు కింద, చిన్నగా," అంది అక్క.

"చిన్నగా ఎందుకు?" అన్నాను. "మెడ చుట్టూ పెద్దగా కొట్టన్నా. ఇంటిపేరు, పేరు, ఊరు, మూడూ. చోటుంటే వీధి పేరు కూడా కొట్టు."