నైరోబీలో నేను విన్న మాట

కెనడాలో, ఇక్కడి హాలిఫాక్స్‌లో మా తెలుగువాళ్లు ఎవరు సఫారీకి బయల్దేరినా నాకే ఫోన్ చేస్తరు. "ఆంటీ, మీరు నైరోబీ పోయొచ్చారు కదా, సిటీలో ఎట్ల తిరగాలె? ఏమేం చూడాలె?" అని. వాళ్లకు తెల్వదు, వాళ్ల తప్పు లేదు. నేనక్కడ ఏనుగును చూడలే, సింహాన్ని చూడలే. ఒక ఎయిర్‌పోర్టు, ఒక రోడ్డు, ఒక ఆసుపత్రి చూసిన. మళ్ల అదే ఎయిర్‌పోర్టు. అంతే నా ఆఫ్రికా.

మా తమ్ముడు అక్కడ మందుల కంపెనీలో పదకొండేళ్లు పనిచేసిండు. ఒకరోజు ఆఫీసులోనే స్ట్రోక్ వచ్చి పడిపోయిండు. అప్పుడు మరదలు బిడ్డ కాలేజీ అడ్మిషన్ కోసం హైదరాబాద్‌లో ఉంది. పాస్‌పోర్టు రెన్యువల్‌కు ఇచ్చింది, అది చేతికొస్తేగాని కదల్లేదు. "వదినా, నువ్వన్న ముందు పో. నేనొచ్చేదాక ఆయనను ఒక్కణ్ణి ఉంచకు" అని ఏడ్చింది. ఆ మాట పట్టుకొని నేను మూడు విమానాలు మారి పోయిన.

పొద్దున దిగి టాక్సీ ఎక్కిన. డ్రైవరు నా ఈడువాడే, స్వెట్టరు తొడుక్కున్న పెద్దమనిషి. నన్ను "మామా" అన్నడు. అక్కడ పెద్ద ఆడవాళ్లను అట్లనే పిలుస్తరట, అంటే అమ్మా అని. ఆసుపత్రికి ఎందుకు పోతున్నరని అడిగితే ఊరికేనని చెప్పిన. నోటితో అంటే ఎక్కడ నిజమైతదో అని భయం. ఆ ఒక్కటి చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఒక పెద్ద సర్కిల్ దగ్గర ట్రాఫిక్ ఆగింది చూడు, ఇగ కదిలితే ఒట్టు. సిగ్నల్ పచ్చగా ఉంటుంది, పోలీసాయన చెయ్యి అడ్డం పెడతడు. సిగ్నల్ ఎర్రగైతది, ఆయన పొమ్మంటడు. కార్ల మధ్యల అరటిపండ్లు, చార్జర్లు, గోడకు తగిలించే మ్యాపులు అమ్ముకుంటూ తిరుగుతున్నరు. హాలిఫాక్స్‌లో బ్రిడ్జి మీద పది నిమిషాలు ఆగితే రేడియోలో చెప్తరు. ఇక్కడ గంట దాటినా ఎవరికీ చీమ కుట్టినట్టు లేదు. నేను మాత్రం డోరు తీస్తూ, తొంగిచూస్తూ, మళ్ల వేస్తూ ఉన్న. ఆఖరికి డ్రైవరే నా అవస్థ చూడలేక ఒక బైకు టాక్సీవాణ్ణి పిలిచి ఎక్కించిండు.

యాభై తొమ్మిదేళ్ల మోకాళ్లతో బైకెక్కిన. వాడు పాటలు దంచుతున్న వ్యాన్ల సందుల్లోంచి, ఫుట్‌పాత్ మీదినుంచి పోనిచ్చిండు. మొదలు తెలుగులో తిట్టిన, తర్వాత వాని భుజం గట్టిగ పట్టుకొని "పోనియ్ నాయనా, పోనియ్" అన్న.

ఐసీయూ తలుపు దగ్గర నర్సుకు తమ్ముడి పేరు చెప్పిన. ఆమె ఫైలు చూసింది, నా మొహం చూసింది. నాకు ఇంగ్లీషు ఎటు పోయిందో ఏమో, నోట్లోంచి తెలుగే ఊడిపడ్డది.

"పోయిండా?"

ఆమె నా భుజం మీద చెయ్యేసింది. "పోలే, మామా. పోలే సానా." తర్వాత ఇంగ్లీషులో, కూర్చోండి, డాక్టర్ వచ్చి మాట్లాడుతరు అన్నది.

పోలే! అంటే పోలేదు, ఉన్నడు. మా ఇంట్ల మాట. సానా అంటే మన శానానే. కెన్యా నర్సుకు తెలంగాణ తెలుగు ఎట్లొస్తదని ఒక్క క్షణం కూడా ఆలోచించలే. అడిగిన, జవాబొచ్చింది, అంతే. ఆమెను వాటేసుకున్న. ఆమె నన్ను ఇంకా గట్టిగ పట్టుకున్నది.

వెంటనే మరదలికి ఫోన్ చేసిన. పాస్‌పోర్టు చేతికి రాంగనే బయల్దేరి, ముంబైలో విమానం గేటు దగ్గర లైన్లో ఉంది. "పోలే! ఉన్నడు! నర్సే చెప్పింది!" అన్న. గొల్లున ఏడ్చింది, పక్కవాళ్లకు హిందీలో చెప్పుకుంటున్నది, నవ్వుతున్నది. "ఫోన్ బంద్ చేయమంటున్నరు వదినా. నేనొస్తున్నని ఆయన చెవుల చెప్పు" అని పెట్టేసింది.

డాక్టర్ పది నిమిషాలకు వచ్చిండు. మా తమ్ముడు నేను బైకు మీద ఉన్నప్పుడే ప్రాణం వదిలిండట.

"మీ నర్సే పోలే అన్నది కదా!" అని గొడవ పెట్టుకున్న. వార్డంతా తలెత్తి చూసింది. ఆ నర్సు పిల్ల కండ్లనీళ్లతో వచ్చి, "పోలే అంటే మా భాషలో సారీ అని, మామా" అని చెప్పింది. సానా అంటే చాలా అనే అట. చాలా సారీ. కాలు తట్టుకున్నా అంటరు, మనిషి పోయినా అంటరు.

అది వాళ్ల మాట, నాకు తెల్వదు, సరే. హాలిఫాక్స్ ఆసుపత్రిలో ఇరవై ఏళ్లు రిసెప్షన్‌లో కూర్చున్నదాన్ని నేను. "కూర్చోండి, డాక్టర్ వచ్చి మాట్లాడుతరు" అని ఎప్పుడంటరో నాకు తెల్వదా? ఎంతమందికి నేనే చెప్పలే? బుద్ధి గడ్డి తిన్నది!

మరదలికి మళ్ల ఫోన్ చేస్తే స్విచాఫ్. మెసేజ్ రాసి తుడిపేసిన. దిగంగనే జనంలో ఒక్కతే నిలబడి అది చదవాల్నా? నేనే ఎదురుపోవాలె. ఒక్కణ్ణి ఉంచకన్నది, ఆసుపత్రిల తమ్ముణ్ణి ఒక్కణ్ణే ఉంచి పోయిన.

ఈసారి ఇంకో టాక్సీ. డ్రైవరు టోల్ ఇచ్చి, పైన కట్టిన రోడ్డెక్కిండు. ఇరవై నిమిషాల్లో ఎయిర్‌పోర్టు! పొద్దున ఆ రోడ్డున పొమ్మని అడగాలని నాకు తెల్వలే. ఈయనకు మాత్రం ఉన్న సంగతి చెప్పిన. "పోలే, మామా" అన్నడు. ఇప్పుడర్థమైతే ఏం లాభం?

సాయంత్రం మరదలు బయటికొచ్చింది. తల దువ్వుకొని బొట్టు సరిచేసుకొని వచ్చింది. మూడు దినాల సంది ఇప్పుడే కన్నంటుకుందట, విమానంల పెట్టింది మొత్తం తిన్నదట. నా చెయ్యి పట్టుకొని గబగబ నడుస్తూ, "ఎట్లున్నడు వదినా? నన్నడిగిండా?" అన్నది.

నేను నడక ఆపిన. ఎట్లనో ఒక్కమాట అన్న.

"పోయిండు."

"ఎక్కడికి? స్కానింగ్‌కా?" అన్నది, ఇంకా నవ్వుతూనే.

ఆ మాట నేను రెండోసారి అనాల్సి వచ్చింది.