బ్యాగు కోసం పెనుగులాట

డెబ్బై రెండేళ్ల వయసులో, గుడివాడలో మనవరాలి స్కూలు గేటు దగ్గర, మా వియ్యంకుణ్ణి ఒక్క తోపుతో పడేశాను.

పాపను తీసుకెళ్లే వంతు ఆ రోజు నాది. ఆయన ముందే వచ్చి బ్యాగు పట్టుకున్నాడు.

"సోమవారం నాదండీ, బావగారూ! వదలండి!"

"మీ మోకాళ్లే మిమ్మల్ని మొయ్యవు, పిల్లనేం తీసుకెళ్తారండీ?"

ఇద్దరం లాగాం. పడేశానని ఇంట్లో కూడా చెప్పాను గానీ, అబద్ధం. ఆయన ఠక్కున బ్యాగు వదిలేశాడు. వెల్లకిలా పడింది నేనే. పిల్లలంతా పగలబడి నవ్వారు.

పాప ఏడుస్తూ, "ఇద్దరు తాతయ్యలూ రావొద్దు. రేపట్నుంచి ఆటోలో వెళ్తా" అంది. అలాగే వెళ్తోంది.

రోజంతటికీ నాకున్న పని అదొక్కటే. ఇప్పుడు స్కూలు వదిలే నాలుగింటికి ఆయనకు ఫోన్ చేసి తిడుతున్నాను. నిన్న నేను చేయకపోతే, ఆయనే చేసి తిట్టాడు.