గేటు బయట పిల్లాడు

ముబశ్శిరా ఇంగ్లీషు సాహిత్యమంతా పొయ్యి దగ్గరే చదివింది. ఆళ్లగడ్డలో అత్తగారింట్లో రొట్టెలు చేస్తూ పిండి చేతులతోనే పేజీలు తిప్పేది. నెలల కొడుకును ఒళ్లో ఊపుతూ మెటఫర్, మెటానమీ అంటూ అలంకారాల పేర్లే జోలగా పాడేది. ఎం.ఏ. ప్రవేశ పరీక్ష పోయినేడాది రాస్తే సీటు రాలేదు. "ఈసారీ రాకుంటే ఇంక సదువు మాట ఎత్తాకు" అన్నాడు భర్త హబీబ్. కోపంగా అనలేదు. అందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

పరీక్ష నంద్యాలలో. తల్లి హుస్సేన్‌బీ పిల్లాణ్ణి ఎత్తుకుని గేటు బయట కూర్చుంది. సగం ప్రశ్నలు కూడా కాకముందే కిటికీలోంచి వాడి ఏడుపు వినిపించింది. ముబశ్శిరా లేవబోయింది. "బయటికి పోతే మళ్లీ రానియ్యరమ్మా" అంది హాల్లో కాపలా ఉన్న మేడమ్. ఆమె కూర్చుండిపోయింది. పాలు చేపుకొచ్చి బుర్ఖా లోపల జాకెట్టు తడిసిపోయింది. వాడి గొంతు బొంగురుపోయింది. కాసేపటికి ఏడుపే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తెలియక, ఆ తర్వాత కంప్యూటర్ తెరమీద ఒక్క అక్షరం ఆమె కంటికి ఆనలేదు.

పరీక్ష అవగానే పరుగున బయటికి వచ్చి చూస్తే వాడు నిద్రలో వెక్కుతున్నాడు.

"ఎట్ల రాస్తివే?" అంది హుస్సేన్‌బీ.

"కడాకు ప్రశ్నలు సదవకుండానే ఏదో ఒక జవాబు నొక్కినామ్మా. ఈసారీ రాదు."

హుస్సేన్‌బీ చుట్టూ చూసి కూతురి మొహం తుడిచింది.

"ఇంట్లో ఈ మాట అనాకు. బాగా రాసినానని చెప్పు. రిజల్టు వచ్చేదాంకన్నా నిన్ను సదువుకోనిస్తారు."