రెండు ప్లస్ గుర్తులు

ఆ శుక్రవారం మధ్యాహ్నం గల్ఫ్‌లో, ఫర్వానియాలోని మా గదిలో ఉన్నవి: ఆరు మంచాలు, తొమ్మిది మంది మగవాళ్ళు, మా అక్క, అక్క కడుపులో ఐదో నెల బిడ్డ, అరచేయంత స్కానింగ్ ఫొటో ఒకటి. తెలివి లేదు. వెతికే చెబుతున్నాను.

ఎనభైల మధ్యలోని మాట. అక్కా బావా సల్వాలో ఒకే ఇంట్లో పనిచేసేవాళ్ళు. ఆమెది వంట, ఆయన డ్రైవరు. ఊళ్ళో అప్పటికే ఇద్దరు కూతుళ్ళు. ఇదీ ఆడపిల్లయితే అక్కను కడపకు పంపి కడుపు తీయించాలని బావ నిర్ణయించాడు. ఆదివారం విమానానికి సీటు కూడా చెప్పిపెట్టాడు. స్కాన్ చేసిన డాక్టరమ్మేమో, బిడ్డ కాళ్ళు ముడుచుకుని ఉంది, ఆడో మగో తెలియలేదని చెప్పి ఈ ఫొటో ఇచ్చి పంపింది. డాక్టరుకు తెలియనిది మా గదికి తెలుస్తుందని బావ నమ్మకం.

ఫొటో మంచం నుంచి మంచానికి తిరిగింది. టైలరు దాన్ని తలకిందులుగా పట్టుకుని, "ముక్కు మీ నాయనదే" అని బావతో అన్నాడు. అతను వేలుపెట్టింది మోకాలి మీద. చివరికి హోటల్లో రొట్టెలు కాల్చే రాయచోటి పెద్దమనిషి కనిపెట్టాడు.

"ఇదేంది? ప్లస్సు. ఇదేంది? ఇంగో ప్లస్సు. మిషనే రాసిచ్చినాది గదప్పా! ఆడబిడ్డయితే మైనస్ ఏసుండదా?"

గదంతా చప్పట్లు.

నేను ఆసుపత్రి మిషన్లు బాగుచేసే డిప్లొమావాణ్ణి. అలాంటివి మూడింటిని విప్పి బిగించాను. తొడ ఎముక పొడవు కొలవడానికి డాక్టరు రెండు కొసల్లో పెట్టుకునే గుర్తులవి. ఎవరికైనా అవే పడతాయి. చెబుదామని నోరు తెరిచాను.

"నువ్వుండప్పా. పెండ్లిగానోనికి కడుపు సంగతులేం తెలుసు?" అన్నాడు రొట్టెలాయన.

అక్క నన్ను వంటగదిలోకి పిలిచింది.

"నిజం జెప్పురా. ఆ ప్లస్సులు ఏంటివి?"

"కొలత గుర్తులక్కా. ఆడో మగో దాంట్లో తెలీదు."

ఆమె టీ పొంగకుండా మంట తగ్గించింది. "నీ సదువుకో దండం. వాళ్ళ ముందర మాత్రం సదవొద్దు."

క్యారమ్స్‌లో ఎవరైనా పాయింట్లు తప్పు చెప్పినా ఊరుకోలేని వాణ్ణి నేను. ఆ రోజు ఎనిమిది మంది మూర్ఖుల మధ్య తొమ్మిదోవాడిగా కూర్చుని టీ తాగాను.

"ఏం ఇంజినీరూ, మాట్లాడవే?" అన్నాడు బావ.

"ప్లస్సే బావా."

"ఖలాస్!" అని తొడ చరిచి, సీటు రద్దు చేయించడానికి లేచాడు. ఆ సాయంత్రం బిల్డింగంతా హల్వా పంచాడు. రొట్టెలాయనకు రెండు ముక్కలు.

నాలుగు నెలలకు అక్క అక్కడే ప్రసవించింది. మిషన్ మోసం చేసిందని బావ అన్నాడు. పాత మిషన్ అయ్యుంటుందని రొట్టెలాయన సర్దిచెప్పాడు. ఆడపిల్ల. బరువు మూడు కిలోల నూట యాభై గ్రాములు.