తలా ఒక బోల్టు

హెడ్లీ ఆర్మిటేజ్‌ని మట్టి చేసిన రోజున చాపెల్‌లో ముందు రెండు బెంచీలు కూడా నిండలేదు. మా బొగ్గు గనుల ఊరు థార్న్‌షాలో రగ్బీ ఆడినవాడు పోతే వీధి పట్టనంత జనం వస్తారు. గేటు దగ్గర టికెట్లు చింపినవాడు పోయినా వస్తారు. హెడ్లీకి రాలేదు. వచ్చిన కొద్దిమందిలోనూ ఒకాయన నా చెవి దగ్గరికి వంగి, "మంచివాడే పాపం, ఆ ఒక్క పని చెయ్యకుండా ఉంటే," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చాపెల్ కాబట్టి ఊరుకున్నాను. హెడ్లీ, ఆయన భార్య ఎనిడ్ బతికున్నంతకాలం నోరు విప్పనని ఆయనకి మాటిచ్చాను. ఎనిడ్ ముందే పోయింది, ఇప్పుడు ఆయనా పోయాడు. ఇక నేనెందుకు ఊరుకోవాలి?

నా పేరు డోరీన్. వాళ్ళ పక్కింటిదాన్ని. గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు మావి, హెడ్లీ తుమ్మితే మా ఇంట్లో కప్పులు కదిలేవి. ఊరు ఆయనకి పెట్టిన పేరు 'అమ్మో ఆర్మిటేజ్'. కుక్కంటే భయం, నిచ్చెనంటే భయం, ఉరుమంటే భయం, సరిగ్గా ఉడకని పంది మాంసమంటే మరీ భయం. తాడుని చూసినా పామే ఆయనకి. అలాంటి మనిషి ముప్పై ఏళ్ళు బొగ్గు గనిలో పైకప్పు కింద గుంజలు నిలబెట్టే పని చేశాడంటే బయటివాళ్ళు నమ్మరు. "అంత పిరికోడివి గనిలోకి ఎలా దిగావయ్యా?" అని నేనే ఒకసారి అడిగాను.

"భయం ఉన్నోడే దిగాలి డోరీన్. భయం లేనోడి పక్కన నేను పని చెయ్యను. ఇనుప గుంజ చెప్పాపెట్టకుండా వంగుద్ది. కర్ర అలా కాదు, చెప్పి మరీ విరుగుద్ది. వినేవాడుండాలి అంతే."

గని మూతపడ్డాక ఆయన బెక్ లేన్‌లో జనం కూర్చుని ఆట చూసే మా చెక్క స్టాండుకి మరమ్మతులు చేస్తూ ఉండిపోయాడు.

బెక్ లేన్ అంటే మా ఆటస్థలం. ఇప్పుడు లేదు. నేల ఒకవైపు వాలుగా ఉండేది. పెద్ద ఊళ్ళ జట్లు వచ్చి, 'ఇది మైదానమా, మేకలు మేసే గట్టా?' అని వెక్కిరించేవి, ఆట అయ్యాక నోరు మూసుకుని బస్సెక్కేవి. ఒక చివర వాగు. బంతి వాగులో పడితే రెండోది తెచ్చేవాళ్ళు, అదీ పడితే ఆట ఆగేది. చలికాలంలో నేల గడ్డకట్టకుండా ఎండుగడ్డి పరిచి, ఆట రోజు పొద్దున్నే ఊరంతా వచ్చి ఎత్తేసేవాళ్ళం. బురద, ఆటగాళ్ళు ఒంటికి రుద్దుకునే తైలం, పైపు పొగాకు, నా కౌంటర్లో ఉడికే బఠాణీలు, మాంసం కూరి కాల్చిన పైలు, అన్నీ కలిసిన ఆ వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది. కొత్త స్టేడియంలో ఏ వాసనా లేదు. ఆసుపత్రికి వెళ్ళినట్టుంటుంది.

అన్నిటికన్నా మాకు ప్రాణం చెక్క స్టాండు. మా తాతల కాలంలో, గని సమ్మె రోజుల్లో చేతులు ఊరుకోలేక గనివాళ్ళే కట్టిన స్టాండు అది. మనవాళ్ళు బంతితో అవతలి గీతకి దగ్గరగా వచ్చారంటే చాలు, పైన కూర్చున్న వందలమంది బూట్లతో చెక్కల మీద దబదబా తొక్కేవారు. దానికి మేం 'ఉరుము' అని పేరు పెట్టుకున్నాం. నా టీ కౌంటరు సరిగ్గా ఆ స్టాండు కిందే. ఉరుము మొదలైతే నా కప్పులు బల్ల మీద నడిచేవి. ఆరో వరస మధ్య సీటు ఎనిడ్‌ది. అంతకుముందు వాళ్ళమ్మది, అంతకుముందు స్టాండు కట్టినవాళ్ళలో ఒకడైన తాతది. ఎనిడ్‌కి మోకాళ్ళు పట్టేసి, మెట్లెక్కాలంటే చెరోవైపు ఒకరు పట్టుకోవాలి, అయినా ఒక్క ఆట మానలేదు. హెడ్లీ మాత్రం ఏనాడూ పైకెక్కలేదు. కిందే నిలబడి, గుంజ మీద చెయ్యి పెట్టుకుని ఉండేవాడు. జనం ఆట చూసేవారు, ఆయన ఆటని వినేవాడు. పదిహేను రోజులకోసారి "స్టాండు పోయేట్టుంది" అనేవాడు. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని.

తొంభైల్లో క్లబ్బు ఆ నేలని సూపర్ మార్కెట్టుకి అమ్మేసింది. ఆఖరి ఆటకి ముందు కౌన్సిల్ వాళ్ళు వచ్చి స్టాండు బాగానే ఉందన్నారు. బాగానే ఉంది, నిజమే. బోల్టులన్నీ ఉన్నప్పుడు.

ఆట ముగిసినట్టు హూటర్ మోగాక ఎవరికి కావలసింది వాళ్ళు గుర్తుగా పట్టుకెళ్ళవచ్చని క్లబ్బు చెప్పింది. హూటర్ దాకా ఆగే ఓపిక మావాళ్ళకి ఏది? తర్వాత అందరూ ఎగబడితే మనకేం మిగులుతుంది అనుకున్నారు. ఆ రోజు జేబులో పానా లేకుండా ఒక్క మగాడూ రాలేదు. ఆడవాళ్ళూ తక్కువేం తినలేదు. టీ కోసం నిలబడ్డవాడు నిలబడ్డట్టే వంగి గుంజ దగ్గర ఏదో తిప్పేవాడు, జేబులో వేసుకుని కప్పు అందుకునేవాడు. "ఒక్క బోల్టేగా డోరీన్ ఆంటీ, మా తాత గుర్తుగా," అన్నాడు ఒకడు. తప్పేముంది? ఒక్క బోల్టే. ప్రతివాడూ ఒక్కటే తీశాడు.

ఇంకో మాట కూడా అనుకున్నారు. హూటర్ మోగగానే అందరం గడ్డి మీదికి పరిగెత్తాలి, చివరిసారి ఆ నేల తొక్కాలి. ఎనిడ్‌ని చేతుల మీద దింపుతామని ఆరో వరసలో మగాళ్ళు మాటిచ్చారు.

రెండో సగం చివరికొచ్చేసరికి మేం రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. ఒక్క ట్రై చాలు, బంతితో గీత దాటి నేలకి ఆనిస్తే నాలుగు పాయింట్లు. ఉరుము మొదలైంది. అంత ఉరుము నా జన్మలో వినలేదు. పైనుంచి దుమ్ము రాలి టీలో పడుతోంది. ఒక కప్పు బల్ల అంచుదాకా నడిచి కింద పడి పగిలింది. తల తిప్పితే హెడ్లీ నా పక్కనే ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"చెయ్యి ఇటియ్యి," అని నా వేలు పట్టుకుని గుంజ మీద పెట్టాడు. వేలు లోపలికి దూరిపోయింది. ఖాళీ బెజ్జం. "ఇదీ లేదు. అదీ లేదు. ఆ వాలుకర్రని పట్టుకున్నవి రెండూ లేవు. ఆ మూల చూడు."

"ఎవడు తీశాడు?"

"అందరూ."

అప్పుడు పైన తొక్కుడు ఒక్క క్షణం ఆగింది. తొక్కినప్పుడు గుంజ పక్కకి జరగడం నేను ఎప్పుడూ చూసేదే. ఆగినప్పుడు తిరిగి రావాలి. రాలేదు. జరిగినచోటే ఉండిపోయింది. లోపల ఎక్కడో టిక్, టిక్ అని సన్నగా, గోటితో పలక గీకినట్టు చప్పుడు.

"గనిలో ఈ చప్పుడు వింటే," అన్నాడు హెడ్లీ, "లాంతరు వదిలేసి పరిగెత్తేవాళ్ళం."

నా తల మీద కొన్ని వందలమంది. మా తమ్ముడి కుటుంబం, మా వీధి వీధంతా, ఎనిడ్. పరిగెత్తాలని ఉంది, అరవాలని ఉంది, రెండూ చేతకాలేదు. హెడ్లీ మాత్రం బతుకులో మొదటిసారి ఆ మెట్లెక్కాడు. నేను కౌంటరు బల్ల పట్టుకుని బయటికొచ్చి మెట్ల మొదట్లో నిలబడ్డాను.

"ఎనిడ్, లేవే. కిందికి పద," అన్నాడు.

"కూర్చోవయ్యా, నీకు పుణ్యముంటుంది. వెనకవాళ్ళకి కనబడట్లేదు."

"స్టాండు పోతోందే!"

"ముప్పై ఏళ్ళ నించీ పోతోంది."

వరస వరసంతా నవ్వింది. వెనకనుంచి ఎవడో, "అమ్మో! అమ్మో!" అని మొదలెట్టాడు. పది గొంతులు కలిశాయి. హెడ్లీ ఆవిడ చెయ్యి పట్టుకుని లాగాడు. ఆవిడ ఆ చేతి మీద ఫట్‌మని కొట్టింది.

"ఆఖరి రోజునైనా నా పరువు తియ్యకు. ఇది మా తాత కట్టింది. నాకేం కాదు దీని మీద."

"దిగండి! అందరూ దిగండి! పడిపోద్ది!" అని గొంతు చించుకుని అరిచాడాయన. ఆ అరుపుకి వాళ్ళు ఇంకా గట్టిగా తొక్కారు. అమ్మో, అమ్మో, అమ్మో అంటూ తాళానికి తొక్కారు. నా అరచేతి కింద మెట్ల చెక్క వణుకుతోంది. నాకు ఏడుపొచ్చేసింది.

హెడ్లీ కిందికి వచ్చాడు. ఆయన చూపు నా మీద లేదు, మైదానం పక్కనున్న చిన్న చెక్కగది మీద ఉంది. అందులో సమయం చూసే సిరిల్ కూర్చుని ఉంటాడు, చేతి దగ్గర హూటర్ మీట ఉంటుంది.

"నా మాటకి లేవరు," అన్నాడు. "హూటర్‌కి లేస్తారు."

మోకాళ్ళు వంగని ఆ ముసలాయన గీత వెంబడి పరిగెత్తాడు. సరిగ్గా అప్పుడే మా కుర్రాడొకడు బంతి అందుకున్నాడు. అంచు వెంబడి దూసుకుపోతున్నాడు, ముందు అడ్డం ఒక్కడూ లేడు, గీత ఎదురుగానే ఉంది. మా ఊరు గెలిచినట్టే. స్టాండు మొత్తం ఒక్క కాలితో తొక్కుతోంది. "వద్దు బాబూ, ఇంకో నిమిషం!" అని సిరిల్ అరవడం అవతలిదాకా వినిపించిందట.

హూటర్ మోగింది.

నిజానికి హూటర్ మోగినా బంతి ఆగేదాకా ఆట సాగాలి. ఎవడు ఆగాడు? జనం కట్ట తెగినట్టు గడ్డి మీద పడ్డారు. ఆ కుర్రాడు గీతకి నాలుగడుగుల దూరంలో మా జనంలోనే మునిగిపోయాడు. రిఫరీ చేతులు ఊపుతూనే ఉన్నాడు, ట్రై లేదు, ఓడిపోయాం. ఎనిడ్‌ని నలుగురు మోసుకొచ్చి, పల్లకీలోంచి పెళ్ళికూతుర్ని దించినట్టు గడ్డి మీద దించారు. స్టాండు ఖాళీ అయింది.

పడలేదు.

జనానికి జరిగింది తెలియడానికి కాస్త సేపు పట్టింది. తెలిశాక, ముందు ఒక మట్టిగడ్డ వచ్చి హెడ్లీ భుజానికి తగిలింది. తర్వాత చాలా వచ్చాయి. నేను అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను. ఆయన వాళ్ళని చూడటమే లేదు. స్టాండు వైపే చూస్తూ, "పడవే," అంటున్నాడు గొణుక్కుంటూ. "పడు." గొడవ ముదిరి పోలీసులు అందరినీ బయటికి తోలి గేటుకి తాళం వేశారు. ఆ రోజు జరిగిన మంచి అదొక్కటే. మిగతా చెక్కలు పీక్కోవడానికి కుదరలేదని దానికీ హెడ్లీనే తిట్టుకున్నారు.

ఆ తర్వాత ఆయన వాకిలి మీద ఎవరో రంగుతో రాసిన మాట నేను చెప్పను. మాంసం కొట్టువాడు ఆయన్ని చూసి తలుపు మీద 'మూసివేయబడింది' పలక తిప్పేవాడు. ఎనిడ్ వెనక గదిలోకి మంచం మార్చుకుంది. ఊళ్ళో ప్రతి ఇంట్లో కుంపటి పైనున్న అరమీద, పెళ్ళి ఫోటోల పక్కన, నిగనిగలాడే ఒక బోల్టు వెలిసింది. హెడ్లీ ఇంట్లోనూ. ఆట మొదలవకముందే ఎవరిచేతో తన సీటు కింద నుంచి తీయించుకుందట ఎనిడ్.

ఆయనకి కొత్త భయం పట్టుకుంది. "నాది ఉత్త భయమేనేమో డోరీన్," అనేవాడు పెరటి గోడ అవతల నుంచి. "ఊరంతటి ఆఖరి ఆటనీ ఉత్తి పుణ్యానికి చెడగొట్టానేమో. అది నిలబడేదేమో." తిండి మానేశాడు. ఆ మనిషిని అలా చూస్తే స్టాండు కిందకన్నా ఎక్కువ భయమేసింది నాకు.

కూల్చే యంత్రం వచ్చిన పొద్దున ఆయన ఒక్కడూ వెళ్తుంటే నేనూ వెంటపడ్డాను. కంచె బయట మేమిద్దరమే. ఊళ్ళోవాళ్ళెవరూ రాలేదు, చూడలేమన్నారు. యంత్రం నడిపేవాడు దిగి, మూల గుంజకి గొలుసు చుట్టాడు. తిరిగి వెళ్ళి యంత్రం మీద ఎక్కడానికి కాలు పెట్టాడు. గొలుసు ఇంకా వదులుగా నేల మీదే ఉంది.

టిక్ అంది. ఆరో వరస మధ్యలో ముందు కుంగింది, తర్వాత రెండు రెక్కలూ దాని మీదికి మడుచుకున్నాయి. కప్పు వచ్చి వాటి మీద పడింది. నేను రెండు చెవులూ మూసుకున్నాను. దుమ్ము కాస్త తగ్గాక చూస్తే నా టీ కౌంటరు ఉండేచోట కప్పు రేకులు ఉన్నాయి.

యంత్రం మనిషి టోపీ తీసి మా వైపు నడిచొచ్చాడు. "నేను దాన్ని ముట్టుకోలేదు," అన్నాడు, ఎవరో తనని అడిగినట్టు. "మీరు చూశారుగా, ముట్టుకోలేదు. మొన్న దీని మీద జనాన్ని ఎక్కించింది ఎవరు?"

హెడ్లీ కాలిబాట మీద కూలబడ్డాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ రోజు వణకనివాడు ఇప్పుడు వణికాడు. నేను పక్కన కూర్చుని ఏడ్చాను, నవ్వాను కూడా. "పద," అన్నాను. "మాంసం కొట్టు దగ్గర నించే మొదలెడతాను. ఒక్కొక్కడి తలుపూ తట్టి మరీ చెప్తాను. అందరూ వచ్చి నీ కాళ్ళ మీద పడాలి."

"చెప్పకు."

"పిచ్చెక్కిందా నీకు?"

"వాళ్ళిళ్ళల్లో ఉన్నాయి కదా ఆ బోల్టులు," అన్నాడు. "పిల్లలకి చూపించుకుంటున్నారు. చెప్తే ఇక దాన్ని చూసినప్పుడల్లా ఏం కనబడుద్ది వాళ్ళకి?" ఇంటి వైపు తిరిగి, "ఎనిడ్‌కి ఏం కనబడుద్ది?" అన్నాడు. నా చేత ఒట్టేయించుకున్నాడు. ఇంత చాదస్తపు మనిషి ఉంటాడా అని తిట్టుకుంటూనే వేశాను.

ఆయనతో నేనూ వాళ్ళింటి దాకా వెళ్ళేసరికి ఎనిడ్ కుంపటి దగ్గర కూర్చుని ఉంది. ఒళ్ళో మెత్తని గుడ్డ, గుడ్డలో బోల్టు. చాలా రోజుల తర్వాత తనే ముందు మాట్లాడింది.

"పడగొట్టేశారా?"

"ఆఁ."

"తొందరగానే పడిందా?"

హెడ్లీ గుమ్మంలో నిలబడే బూట్లు విప్పుకుంటున్నాడు. తాడు ముడి ఎంతకీ ఊడి రావడం లేదు.

"ఎక్కడ పడుద్ది?" అన్నాడు. "రెండు యంత్రాలు తెచ్చారు. పొద్దున్నించీ లాగారు. మీ తాత కట్టింది కదే, అంత తేలిగ్గా లొంగుద్దా?"

ఎనిడ్ ముఖం వెలిగిపోయింది. బోల్టుని వెలుతురులోకి ఎత్తి ఇంకోసారి తుడిచింది. "చెప్పానా నీకు?" అంది. "చెప్పానా? ఊరికే భయపడి చచ్చావు."

"అవునే," అన్నాడు హెడ్లీ. "ఊరికే భయపడ్డాను."